సున్నా రోజు

నక్కలగుట్టల బేకరీ మీద మొదటి అంతస్తు, మా ఆఫీసు.
కింద నుంచి ఎగ్‌పఫ్‌ల వాసన,
గోడకు మాలో ఎవ్వరం చూడని ఈఫిల్ టవర్.

నళిని మేడం వచ్చింది.
ముప్పై నాలుగేండ్లు మత్తుమందు డాక్టరు,
ఎంతమందినో నిద్రబుచ్చి, మళ్ల లేపి
మొన్ననే రిటైరైంది.
"నలుగురం ఆడోళ్లం. సెప్టెంబర్ల పదకొండు రోజులు.
ద్రాక్షతోటల పొంటి తిరగాలె.
ఏ ఊర్ల ఏం తాగాల్నో నువ్వే రాసియ్యి" అన్నది.

నేను వైన్ చుక్క ముట్టినదాన్ని కాదు.
టికెట్లు కొట్టే వేళ్లకు
నాలుకతోని పనేముంది?

పారిస్ నుంచి బోర్డోకు రైల్ల రెండు గంటల పైచిలుకు,
కాజీపేటల ఎక్కి సికింద్రాబాదుల దిగినంత.
అక్కడ గులకరాళ్ల నేల.
బుర్గోన్‌ల మోకాలెత్తు రాతిగోడలు,
గోడకు ఇవతల ఒక ధర, అవతల ఇంకో ధర.
షాంపేన్ కింద సున్నపు గుహలు,
స్వెటర్ తప్పనిసరి అని ఎర్ర అక్షరాలతోని రాసిన.
సగం అక్షరాలు పలకని ఊర్ల పేర్లను
తెలుగుల రాసుకొని ఫోన్ల చదివిన.
అటువైపు మనిషి నవ్వలేదు. సంతోషం.

శనివారం రాత్రి ఘనపురంల
చాప మీద మ్యాపు పరిస్తే
నాయిన అద్దాలు తుడుచుకొని వంగిండు.
బుర్ర ముత్తిలింగం, నలభై తాళ్లు
పొద్దుకు రెండుసార్లు ఎక్కి దిగిన మోకాళ్లు
ఇప్పుడు చాప మీద కూసోనీకే మొరాయిస్తయి.

"నేల మారితె రుచి మారుతదా ఆడ?"
మారుతదట నాయినా.
"మరి? చౌడు పొంటి ఉన్న తాడుది ఒక తీరు,
చెలక తాడుది ఒక తీరు.
రేకు నోట్ల వెట్టంగనే చెప్త ఎవల చెట్టో.
ఇది సుత చదువుకుంటరా?"
చదువుకుంటరు. పరీక్షలుంటయి.
"తాగి?"
తాగరు. నోట్ల తిప్పి, బకెట్ల ఉమ్ముతరు.

నాయిన చానాసేపు మాట్లాడలేదు.
అవ్వ వంటింట్లకెల్లి అన్నది:
"ఉమ్మెటానికి ఇమానం ఎక్కుతరా?"

సీసాల ఇరవై ఏండ్లు దాస్తరని చెప్పిన.
అప్పుడు లేచిండు, మెల్లగ, గోడ పట్టుకొని.
గోడకున్న మోకు అట్లనే తడిమిండు.
"మాది పొద్దుగూకెదాక ఉండదు బిడ్డా.
తెల్లారంగ తియ్యగ, పదింటికి పుల్లగ,
మాపటికి దాని మాట అదే ఇనదు.
సీసాల వెడ్తె మూత ఎగిరి పెంక మీద పడ్తది.
దాచుకునేటోళ్లు అదృష్టవంతులు."
అసూయ పడ్డడో, జాలి పడ్డడో
నాకు తెల్వలేదు. అడగలేదు.

సోమవారం మేడం ఫోన్ చేసింది.
"అక్కడ వాసన చూసి ఏం వాసనో చెప్పాల్నట కద,
మాకు స్పిరిట్ వాసన తప్ప ఏం తెల్వదు.
ఎక్కడన్న నేర్పుతరా?"

నోరు నాకంటె ముందు పలికింది.

శివరాత్రి దాటినంక ఆదివారం,
పొద్దుగాల ఆరింటికి
పోతుతాళ్ల కింద నలుగురు ఆడోళ్లు, నాలుగు రేకులు.
చెప్పులకు మంచు, కారు అద్దాల మీద మంచు.
తమ్ముడు లొట్టి దించిండు.
నాయిన నురగ ఊదిండు, తేనెటీగను వేలితోని తీసేసిండు.
"ఒక్కసారి మింగకుండ్రి. నాలుక కింద ఆగనియ్యండ్రి.
ఉమ్మితె మాత్రం నేనూకోను."

మేడం కండ్లు మూసుకున్నది.
"తడిసిన సుద్దముక్క," అన్నది.
పక్కామె: "లేత కొబ్బరి."
మూడో ఆమె ఏమనలేదు, ఇంకోసారి రేకు సాపింది.
నాలుగో ఆమెకు చిన్నప్పుడు చూసిన
మేనమామ మీసం మీది నురగ యాదికొచ్చిందట.
నాయిన తల ఊపుకుంట విన్నడు,
అన్నీ సరైన జవాబులే అన్నట్టు.

ఆ మాపు పట్టిక మొత్తం మళ్ల ప్రింటు తీసిన.
ఒకటో రోజు పారిస్ పైన ఇంకో వరుస చేర్చిన:
సున్నా రోజు. ఘనపురం. పొద్దుగాల ఆరు.
ధర రాసే గడిల ఒక గీత గీసిన.
గీతే కద మా ఇంటి పని.

నాయిన మాత్రం
రెండు లొట్లకు పైసలు లెక్కవెట్టి తీసుకున్నడు,
ఇరవై తక్కువిస్తె అడిగి మరీ.